‘వరి’ని వెతికితే ‘జనవరి’ దొరికింది: తెలుగు పోర్టల్‌లో ట్యాగులు వాటంతటవే పడాలంటే

విజయవాడ గవర్నర్‌పేటలో రెండో అంతస్తు గదిలో నడిచే ఒక స్థానిక వార్తల పోర్టల్‌కు సాంకేతిక పనులు చూస్తుంటాను. కృష్ణకు అటూ ఇటూ ఉన్న రెండు నగరాల వార్తలు, గుంటూరు మిర్చి యార్డు ధరలు, కాలువలకు నీళ్లు వదిలే తేదీలు, ఉద్యోగ ప్రకటనలు మా సరుకు. వార్త దేని గురించో చెప్పే ట్యాగులు పెట్టడం మొదట్లో వార్తలు దిద్దే డెస్కు పనే. రాత్రి పదకొండింటికి ఎవరికి తోచింది వారు పెట్టేవారు, తోచకపోతే మానేసేవారు. దీన్ని యంత్రానికి అప్పగిద్దామని నేను రాసిన తొలి ప్రోగ్రాం ఇరవై వరుసలు కూడా లేదు. ట్యాగ్ పేరు వార్తలో ఎక్కడ కనబడినా తగిలించమని చెప్పాను. మర్నాడు చూస్తే సంక్రాంతి కోడిపందేలకు ‘వరి’, గోదావరి ఘాట్లకు ‘వరి’, క్రికెట్‌లో చివరి ఓవరుకూ ‘వరి’. జనవరి, ఫిబ్రవరి, గోదావరి, చివరి, ఎవరికి... వెతికితే వరి పండని వార్త లేదు.

ఆ తర్వాత రెండుసార్లు మొత్తం తిరగరాశాను. ఇప్పుడు నడుస్తున్న పద్ధతిని వరుసగా చెబుతాను. ఇందులో ముప్పాతిక వంతు తెలుగు పనే, ప్రోగ్రామింగ్ మిగతా పావు వంతు. ఆ పావు వంతు ఎవరైనా చేసిపెడతారు. ముప్పాతికే మనం కూర్చుని చేసుకోవాలి.

1. ముందు జాబితా

ట్యాగ్ వేరు, వర్గం వేరు. వ్యవసాయం, క్రీడలు, రాజకీయాలు వర్గాలు. వార్త ఒక వర్గంలో ఉంటే చాలు. ట్యాగ్ మాత్రం ఒక వార్త నుంచి ఇంకో వార్తకు దారి చూపాలి. ‘ప్రకాశం బ్యారేజీ’ మీద నొక్కిన పాఠకుడికి నీటిమట్టం, మరమ్మతులు, వరద గేట్లు అన్నీ ఒకచోట కనబడాలి.

పోర్టల్‌లో ఇప్పటికే ఉన్న ట్యాగులన్నీ ఒక స్ప్రెడ్‌షీటులోకి దించండి. సిగ్గుపడే దృశ్యాలు కనబడతాయి. మా దగ్గర విజయవాడ, బెజవాడ, విజయ వాడ, విజయవాడ నగరం, విజయవాడ వార్తలు ఉన్నాయి. చివర ఒక ఖాళీతో ఇంకో విజయవాడ కూడా ఉంది. వీటిని ఒకటి చేయండి. ఒక్క వార్తకే అంటుకుని ఉన్న ట్యాగులను నిర్దయగా తీసేయండి. కొత్తది చేర్చే ముందు మేం వేసుకునే ప్రశ్న ఒక్కటే: నెల తర్వాత ఈ ట్యాగ్ పేజీని తెరిచే మనిషి ఎవరు? జవాబు దొరకకపోతే ఆ ట్యాగ్ వద్దు.

మిగిలినవాటికి ఐదు నిలువు వరుసలు పెట్టండి: ముఖ్యరూపం, మారుపేర్లు, తోడుపదాలు (పక్కన ఉంటేనే ట్యాగ్ వేయాల్సినవి), అడ్డుపదాలు (కనబడితే ట్యాగ్ వేయకూడనివి), చిరునామాలో వాడే రూపం. మచిలీపట్నం వరుస మా పట్టికలో ఇలా ఉంటుంది. మారుపేరు బందరు. అడ్డుపదాలు బందరు రోడ్డు, బందరు కాలువ. ఎందుకంటే బందరు రోడ్డులో ట్రాఫిక్ నిలిచిపోతే అది విజయవాడ వార్త. ఏలూరు రోడ్డుదీ అదే కథ. ఈ రెండు అడ్డుపదాలు చేర్చాక మా జిల్లా పేజీలకు తెరిపి వచ్చింది.

జిల్లాల విషయంలో తేదీ కూడా చూడాలి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు విజయవాడ కృష్ణా జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి ఎన్టీఆర్ జిల్లా కేంద్రం. నరసరావుపేట గుంటూరు జిల్లా నుంచి విడిపోయి పల్నాడు జిల్లాకు కేంద్రమైంది. పాత వార్తలో ‘గుంటూరు జిల్లా నరసరావుపేట’ అని ఉంటే అది తప్పు కాదు. అలాగని నేటి గుంటూరు జిల్లా పేజీలోకి తోస్తే పాఠకుడు తికమకపడతాడు. మేం ఊరికి ఒక ట్యాగ్, జిల్లాకు ఒకటి విడిగా పెట్టి, జిల్లా ట్యాగ్‌ను ప్రచురణ తేదీని బట్టి ఊరి పేరు నుంచి లెక్కకట్టిస్తున్నాం.

ఐదో వరుసను తేలిగ్గా తీసుకోకండి. సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ వంటి సాఫ్ట్‌వేర్లలో తెలుగు ట్యాగ్ పేరే వెబ్ చిరునామా అవుతుంది. చిరునామాలో ఒక్కో తెలుగు గుర్తు, అంటే ప్రతి హల్లూ, గుడీ, కొమ్మూ, సున్నా, తొమ్మిదేసి అక్షరాలుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్ ఆ గడికి ఇచ్చిన చోటు 200 అక్షరాలు. ‘గుంటూరు మిర్చి యార్డు ధరలు’లో గుర్తులు 23, మధ్య గీతలు 3, కలిపి 210. తోక తెగుతుంది. ప్రతి ట్యాగ్‌కూ ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి చిరునామా మీరే రాసి పెట్టండి. తర్వాత మార్చితే పాత లింకులన్నీ విరుగుతాయి.

2. వచనాన్ని ఉతకడం

పాఠకుడికి చూపే ప్రతిని ముట్టుకోకండి. పోలిక కోసం వేరే నకలు తీసి దాన్నే ఉతకండి.

పాత డీటీపీ పద్ధతి అను ఫాంట్లలో టైపు చేసి యూనికోడ్‌లోకి మార్చిన పాత సరుకు ఉంటే పని ఎక్కువ. కంటికి ఒకేలా కనబడుతూ యంత్రానికి వేరుగా అనిపించే అక్షరాలు అక్కడ పోగుపడి ఉంటాయి. ఒక్కటి దగ్గరగా చూద్దాం. ‘గుంటూరు’, ‘గు౦టూరు’. తేడా కనబడిందా? రెండోదానిలో ఉన్నది అక్షరం పక్కన పెట్టే సున్న కాదు, తెలుగు అంకె సున్నా. టైపు చేసినవారికి రెండూ గుండ్రంగానే ఉన్నాయి. యంత్రానికి మాత్రం రెండోది ఊరి పేరే కాదు. మా పాత నిల్వలో మిర్చి ధరల వార్తలు కొన్ని ఏళ్ల తరబడి ఏ ట్యాగూ లేకుండా పడి ఉండడానికి ఈ గుండ్రమే కారణం. రెండు తెలుగు అక్షరాల మధ్య ఈ అంకె వస్తే దాన్ని సున్నగా మార్చమని ఒక నియమం రాయండి.

‘రైతు’లోని ఐత్వాన్ని యూనికోడ్ రెండు విధాలుగా రాయనిస్తుంది, ఒకే గుర్తుగానో ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చో. ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మార్చితే రెండూ ఒకటవుతాయి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో దీనికి ఒక్క వరుస చాలు. ‘ఫేస్‌బుక్’ వంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా వేసే కనబడని గుర్తునూ పోలిక ప్రతిలో తీసేయండి. పట్టికలోని మాటలకూ ఇదే ఉతుకు పడాలి. ఒక వైపే ఉతికితే ఏదీ కలవదు.

పెళ్లి, పెళ్ళి, ఆసుపత్రి, ఆస్పత్రి వంటి జంటల్లో ఏది ఒప్పని వాదించుకుంటూ కూర్చోవద్దు. ళ్ళను ళ్లగా మార్చడం నియమంతో అయిపోతుంది. మిగతావి మారుపేర్ల వరుసలోకి వెళ్తాయి.

3. మాట ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు

‘వరి’ గొడవకు మందు సులువే అనిపిస్తుంది: పూర్తి మాట అయితేనే పట్టుకో. వచనంలో అక్షరాల వరుసలు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో దీనికి మాట హద్దు గుర్తు ఉంది. నేనూ అదే వాడాను. ఫలితం ఇంకా విడ్డూరం. ‘వరి పంట’లో వరి దొరకలేదు, ‘చివరికి’లో దొరికింది!

కారణం తెలిస్తే నవ్వొస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో వచ్చే మామూలు లైబ్రరీ (సిద్ధంగా ఉన్న కోడ్) హల్లులను, అచ్చులను మాత్రమే మాటలో భాగంగా లెక్కిస్తుంది. గుడి, కొమ్ము, ఏత్వం దానికి అక్షరాలు కావు. కాబట్టి ‘చి’లోని గుడి దగ్గర ఒక మాట అయిపోయిందనీ, ‘వ’ దగ్గర కొత్తది మొదలైందనీ అనుకుంటుంది. ‘రి’ గుడి తర్వాత ‘క’ రాగానే మళ్లీ హద్దు. మధ్యలో ‘వరి’ చక్కగా ఇమిడింది. ‘వరి పంట’లో గుడి తర్వాత ఖాళీ ఉంది. దాని లెక్కలో గుడీ అక్షరం కాదు, ఖాళీ కూడా కాదు. రెండింటి మధ్య హద్దు ఎక్కడిది?

అందుకని ఆ హద్దు గుర్తును నమ్మకండి. ఖాళీలు, విరామచిహ్నాలు, కొటేషన్ గుర్తుల దగ్గర మీరే వచనాన్ని ముక్కలు చేయండి. లేదా పైథాన్‌లోనే రెజెక్స్ అనే వేరే లైబ్రరీ ఉంది, అది గుణింతాలను మాటలో కలిపే చూస్తుంది. యంత్రానికి నేర్పే పనులకు వాడే సైకిట్-లెర్న్ అనే లైబ్రరీలో మాటలు విడగొట్టే మామూలు అమరికకూ ఇదే జబ్బు ఉంది. తెలుగు వచనం ఇస్తే మాటలను పొడిపొడి చేసి, ఏ తప్పూ జరగనట్టు ఫలితాలు ఇస్తుంది.

ఇప్పుడు విభక్తులు. విజయవాడలో, విజయవాడకు, విజయవాడలోని, విజయవాడతో, విజయవాడే. మొదటి భాగం కలిస్తే చాలనుకుంటే ‘వరద’ ట్యాగ్ వరదయ్య, వరదరాజుల మీద పడుతుంది. కాబట్టి మాట తర్వాత రాదగిన ప్రత్యయాల పట్టిక ఒకటి చేసి, మిగిలిన తోక ఆ పట్టికలో ఉంటేనే ఒప్పుకోమని చెప్పండి. లో, లోని, లోనూ, కు, కి, ను, ని, తో, లు, లకు, లను, లతో, ల్లో, ఇలా ఒక నలభై రాసుకుంటే మామూలు వార్తా వచనం చాలావరకు అందులోకి వస్తుంది.

సున్నతో ముగిసే మాటలు ఈ దారికి రావు. సచివాలయం, సచివాలయానికి, సచివాలయాన్ని, సచివాలయాలు. వీటికి ‘సచివాలయ’ వరకే మూలంగా పెట్టి వేరే తోకల పట్టిక ఇవ్వాలి. నీరు ‘నీటి’ అవుతుంది, ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, ఊరు ‘ఊళ్లో’ అవుతుంది. బడిలో ఔపవిభక్తికాలు బట్టీపట్టించిన తెలుగు మాస్టారిని ఆ రోజు తలచుకున్నాను. ఇవి లెక్కకు తక్కువే కాబట్టి నియమాలు రాయకుండా నేరుగా మారుపేర్లలో వేసేయండి.

4. ఒకే మాట, నాలుగు దారులు

ఇక్కడ ఎంత సమయం పెడితే అంత మంచిది. ‘ఎన్టీఆర్’ను తీసుకోండి. మహానటుడు, మాజీ ముఖ్యమంత్రి, ఆయన మనవడైన నటుడు, జిల్లా, పింఛను పథకం, ఆరోగ్య విశ్వవిద్యాలయం. వట్టి ‘ఎన్టీఆర్’ అన్న ట్యాగ్ పెట్టుకుంటే అన్నీ ఒకే గంపలో పడతాయి. పొడవైన పేరును ముందు చూడడమే ఉపాయం. ‘ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం’, ‘ఎన్టీఆర్ భరోసా’, ‘ఎన్టీఆర్ జిల్లా’ మొదట పట్టుకుని, అవి ఆక్రమించిన చోటును మూసేయాలి. తర్వాత మిగిలిన ‘ఎన్టీఆర్’లను మాత్రమే ఒంటరిగా చూడాలి. అప్పుడూ నేరుగా ట్యాగ్ వేయకుండా డెస్కును అడగాలి.

‘తేజ’ గుంటూరు యార్డులో మిరప రకం. ఇంటింటా అబ్బాయి పేరు కూడా. దీనికి తోడుపదాలు పనికొస్తాయి. అదే పేరాలో క్వింటా, టిక్కీలు, యార్డు, మిర్చి, శీతల గోదాము, బాడిగ అన్న మాటల్లో కనీసం రెండు ఉంటేనే అది మిరప. రెండెందుకంటే, మిర్చి వ్యాపారి కొడుకు తేజకు ర్యాంకు వచ్చిన వార్త మాకు నిజంగానే తగిలింది. 334, 341 రకాలకు తోడుపదాలు ఇంకా ముఖ్యం. లేకపోతే బస్సు నంబర్లూ పోలింగ్ కేంద్రాలూ మిరప అయిపోతాయి.

‘మందు’ రోగికి ఒకటి, రైతుకు ఇంకొకటి, సాయంత్రానికి వేరొకటి. ‘పన్ను’ నగరపాలక సంస్థది కావచ్చు, దంతవైద్యుడిది కావచ్చు. ‘అమరావతి’ అంటే తుళ్లూరు వైపు రాజధానా, స్తూపం ఉన్న పాత ఊరా? మొదటిది గుంటూరు జిల్లా, రెండోది పల్నాడు జిల్లా. సీఆర్‌డీఏ, రాజధాని రైతులు, సచివాలయం తోడుగా ఉంటే మొదటిది; స్తూపం, అమరేశ్వరాలయం, మ్యూజియం ఉంటే రెండోది. రెండూ ఉంటే మనిషే చూడాలి. పైగా మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లే. కొండపల్లి ఇంటిపేరున్న పెద్దాయనకు సన్మానం జరిగితే బొమ్మల ట్యాగ్ పడుతుంది. ఊరి పేరు వెంటనే శాస్త్రి, రావు, రెడ్డి, మూర్తి, అమ్మ వంటి ముగింపులున్న పేరు వస్తే ఆ ట్యాగ్‌ను ఆపి ఉంచమని ఒక నియమం రాశాం. గొప్ప నియమమేమీ కాదు, పనిచేస్తోంది.

5. వార్తలో ఏ భాగం చదవాలి

మాకు చాలాకాలం అంతుపట్టనిది డేట్‌లైన్, అంటే వార్త మొదట్లో వేసే ఊరి పేరు. మంత్రులు, పార్టీలు, ఉద్యోగ సంఘాలు మాట్లాడేది ఎక్కువగా విజయవాడలోనే. శ్రీకాకుళం జీడి రైతుల గోడు అయినా వార్త ‘విజయవాడ:’ అనే మొదలవుతుంది. డేట్‌లైన్‌ను ముందే కోసేసి విడిగా దాచండి. ఊరి ట్యాగ్ పడాలంటే ఆ ఊరు శీర్షికలోనో మిగతా వార్తలోనో మళ్లీ కనబడాలి.

పేరాల మధ్య చొప్పించే ‘ఇవీ చదవండి’ లింకులు, ఫొటో కింది వ్యాఖ్యలు, చివర విలేకరి పరిచయం కూడా తీసేయండి. మాట దొరికిన చోటును బట్టి శీర్షికకు మూడు మార్కులు, మొదటి పేరాకు రెండు, మిగతాదానికి ఒకటి అన్న లెక్కతో మొదలుపెడితే చాలు. వార్తకు ఐదు ట్యాగులకు మించనివ్వకండి.

6. నేర్చుకునే నమూనా ఎప్పుడు?

పేర్లను నియమాలు పట్టుకుంటాయి. విషయాలను పట్టుకోలేవు. ‘తాగునీటి ఎద్దడి’ అన్న మాటే లేకుండా, బిందెలతో రోడ్డెక్కిన మహిళల గురించి వార్త ఉంటుంది. అక్కడ పాత ఉదాహరణలు చూసి నేర్చుకునే నమూనా కావాలి.

డెస్కు గతంలో చేతితో పెట్టిన ట్యాగులే శిక్షణ సామగ్రి. ముందు మొదటి మెట్టులోని శుభ్రం జరగాలి, లేదంటే పాత తప్పులనే శ్రద్ధగా నేర్చుకుంటుంది. ఒక్కో విషయానికి వంద వార్తలైనా లేకపోతే ఆ ట్యాగ్‌ను నమూనాకు ఇవ్వకండి. మొదలుపెట్టడానికి పెద్ద నమూనా అక్కర్లేదు: మాటలు కాక అక్షరాల తునకలు చూసే టీఎఫ్-ఐడీఎఫ్ (ఈ వార్తలో ఎక్కువగా, మిగతావాటిలో అరుదుగా వచ్చే తునకకు ఎక్కువ విలువ ఇచ్చే లెక్క), దాని మీద ప్రతి ట్యాగ్‌కూ విడిగా లాజిస్టిక్ రిగ్రెషన్ (ఆ ట్యాగ్ సరిపోయే అవకాశం ఎంతో చెప్పే లెక్క) చాలు. సైకిట్-లెర్న్‌లో మాట హద్దులు దాటకుండా అక్షర తునకలు తీసే అమరిక ఉంది. మూడు నుంచి ఆరు గుర్తుల తునకలు తెలుగుకు బాగా కుదిరాయి, విభక్తుల బాధ కూడా చాలావరకు తప్పుతుంది. మామూలు కంప్యూటర్‌లో నడుస్తుంది.

పరీక్షకు వార్తలను చీటీలు తీసినట్టు విడగొట్టకండి. ఒకే సంఘటన మీద వరుసగా నాలుగు రోజులు వార్తలొస్తాయి. మూడు శిక్షణలో, నాలుగోది పరీక్షలో పడితే మార్కులు దండిగా వస్తాయి, అవి దొంగ మార్కులు. పాత నెలలతో శిక్షణ ఇచ్చి చివరి నెలతో పరీక్షించండి.

ఇది చాలకపోతే మ్యూరిల్ ఉంది. గూగుల్ భారతీయ భాషల కోసం చేసిన ఈ నమూనా తెలుగు సహా 17 భాషల వచనం మీద శిక్షణ పొందింది. ఒకేసారి 512 తునకలకు (మాటలూ, మాటల ముక్కలూ) మించి చదవలేదు కాబట్టి శీర్షిక, మొదటి రెండు మూడు పేరాలు ఇస్తే సరిపోతుంది. పెద్ద భాషా నమూనాలను అడిగినా పనిచేస్తాయి. కాకపోతే మీ జాబితా మొత్తం ఇచ్చి అందులోంచే ఎంచమనండి, జాబితాలో లేని జవాబును ప్రోగ్రాంలోనే పారేయండి. లేకపోతే శుభ్రం చేసిన జాబితా వారంలో మళ్లీ సంతలా అవుతుంది. తెలుగు వచనం వాటిలో ఎక్కువ తునకలవుతుంది, బిల్లు కూడా ఆ మేరకే. ప్రచురణకు ముందున్న వార్తను బయటి సర్వర్‌కు పంపడానికి మీ సంపాదకులు ఒప్పుకుంటారో లేదో కూడా అడగండి.

7. పోర్టల్‌కు కలపడం

పోర్టళ్లు కట్టే లైఫ్‌రే వంటి వేదికల్లో ట్యాగులు వాటంతటవే వేసే సదుపాయం లోపలే ఉంటుంది. వ్యవస్థ, ఇన్‌స్టన్స్, సైటు అన్న మూడు స్థాయిల్లోనూ తెరిచి ఉంటేనే అది పనిచేస్తుంది. కానీ వచనానికి అక్కడ వాడే ఓపెన్‌ఎన్‌ఎల్‌పీ అనే భాషా సాధనం ఇంగ్లీషుకే పరిమితం. తెలుగుకు మన సొంత సేవ రాసి తగిలించుకోవాల్సిందే.

వర్డ్‌ప్రెస్‌లో అయితే వార్త భద్రపరిచినప్పుడు మోగే హుక్ (మన కోడ్‌ను తగిలించుకునే చోటు) ఉంటుంది. ట్యాగులు లెక్కకట్టే పనిని అక్కడే చేయకండి. సబ్ ఎడిటర్ బటన్ నొక్కి ఎదురుచూస్తూ కూర్చోలేడు. పనిని వరుసలో పెట్టి వెనుక నడిపించండి. ట్యాగులు పెట్టే ఫంక్షన్‌కు ‘ఉన్నవాటికి చేర్చు’ అని ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పకపోతే పాతవి చెరిపి కొత్తవి పెడుతుంది. డెస్కు పెట్టిన ట్యాగులు ఒక రోజంతా మాయమయ్యాక నేను ఇది నేర్చుకున్నాను.

ప్రతి ట్యాగ్‌తోపాటు దాన్ని పెట్టింది మనిషా, నియమమా, నమూనానా అన్నది దాచండి. మనిషి తీసేసిన ట్యాగ్‌ను యంత్రం మళ్లీ పెట్టకూడదు. ట్యాగ్ సరైనదని యంత్రానికి ఉన్న నమ్మకానికి రెండు గీతలు గీయండి. పై గీత దాటితే నేరుగా పడాలి, రెండింటి మధ్య ఉంటే సూచనగా కనబడాలి, కింద ఉంటే మరచిపోవాలి. గీతలు ట్యాగ్ ట్యాగ్‌కూ వేరు. ‘హత్య’, ‘అవినీతి’, ‘ఆత్మహత్య’ వంటివాటికి నమ్మకం ఎంత ఉన్నా నేరుగా వేసే హక్కు యంత్రానికి ఇవ్వలేదు. పొరపాటున ఒకరి పేరు పక్కన పడితే దిద్దుకునేలోపే స్క్రీన్‌షాట్ ఊరంతా తిరుగుతుంది.

8. పాత నిల్వ మీద నడిపేటప్పుడు

ముందు డేటాబేసు నకలు తీసుకోండి. వంద వార్తల మీద నడిపి చూసి, తర్వాత రాత్రిపూట కొంచెం కొంచెంగా వదలండి. వార్త ‘సవరించిన తేదీ’ మారకుండా చూడండి. అన్నిటికన్నా ముందు నోటిఫికేషన్లు, ఫీడ్లు, సామాజిక మాధ్యమాలకు పంపే ఏర్పాట్లు ఆపేయండి.

నేను ఆపలేదు. 2024 సెప్టెంబరు వరదల నాటి వార్తలకు ట్యాగులు వేస్తుండగా, సవరణ జరిగిందనుకుని పోర్టల్ వాటిని మళ్లీ ఫోన్లకు పంపింది. రాత్రి రెండింటికి ‘బుడమేరుకు గండి’ అన్న శీర్షిక. సింగ్‌నగర్‌లో ఆ నీళ్లలో రోజుల తరబడి గడిపినవారికి ఆ మాట ఎలా తగులుతుందో వేరే చెప్పాలా? తెల్లవారేదాకా ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. అప్పటి నుంచి నిల్వ మీద నడిచే ప్రోగ్రాం మొదటి పనిగా పంపే ద్వారాలు మూసి ఉన్నాయో లేదో చూస్తుంది. తెరిచి ఉంటే తానే ఆగిపోతుంది.

9. సోమవారం అరగంట

వారానికి ఒకసారి మూడు చిట్టాలు తీయండి. డెస్కు తీసేసిన ట్యాగులు, డెస్కు చేత్తో చేర్చినవి, ఏ ట్యాగూ పడని వార్తల్లో తరచూ వచ్చిన మాటలు. మొదటిది చూస్తే అడ్డుపదాలు, రెండోది చూస్తే మారుపేర్లు దొరుకుతాయి. మూడోది కొత్త ట్యాగులను చూపిస్తుంది. వీటికి తోడు యాభై వార్తలను చీటీ తీసి చదవండి. పడకూడని ట్యాగ్ పడిందా, పడాల్సింది తప్పిందా అని రెండు లెక్కలు విడివిడిగా రాయండి. మేం మొదటిదాన్నే పెద్ద తప్పుగా చూస్తాం.

పోయిన సోమవారం మొదటి చిట్టాలో పైన ఉన్నది ‘మందు’. తోడుపదాల్లో ‘సీసా’ చేర్చింది నేనే. దగ్గు మందుకూ సీసా ఉంటుందని, పురుగుమందుకూ ఉంటుందని మా సబ్ ఎడిటర్ గుర్తుచేశారు. సీసా తీసేసి ‘బెల్టు దుకాణం’ పెట్టాం.